సెల్ఫ్ కొడితే కదలని పాత ట్రాక్టరు: బ్యాటరీ మార్చే ముందు ఏం చూడాలి?

కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు దమ్ము రోజుల్లో పాత ట్రాక్టరు మొరాయిస్తే అందరి నోటా మొదట వచ్చే మాట "బ్యాటరీ పోయింది" అనే. కాలువకు నీళ్లొచ్చాయి, నారు ముదురుతోంది, ఆగి ఆలోచించే తీరిక ఎవరికుంటుంది? అప్పు చేసైనా కొత్త బ్యాటరీ తెచ్చి బిగిస్తారు. కొన్నాళ్లు సెల్ఫ్ బాగానే తిరుగుతుంది. తర్వాత మళ్లీ అదే టక్‌మనే శబ్దం. లోపం వేరేచోట ఉంటే, కొత్త బ్యాటరీ తన బలంతో దాన్ని కొంతకాలం కప్పిపెడుతుందంతే.

ఇక్కడ చెప్పేదంతా 12 వోల్టుల డీజిల్ ట్రాక్టర్ల సంగతి. వీటికి స్పార్క్ ప్లగ్గులు ఉండవు. పాత మోడళ్లలో స్టార్టింగ్‌కు కరెంటుతో ఉన్న పని దాదాపుగా సెల్ఫ్ మోటార్ని తిప్పడమే. అందుకని ఇంజను మామూలు జోరుతో తిరుగుతూ కూడా అందుకోకపోతే బ్యాటరీ జోలికి పోవద్దు. ఇంజనుకు డీజిల్ ఆపే స్టాప్ నాబ్ లాగినట్టే ఉండిపోయిందా, ఫిల్టరు మూసుకుపోయిందా, డీజిల్ లైనులో గాలి పట్టిందా అని చూడండి.

పని మొదలుపెట్టే ముందు

గేరు న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్ బ్రేకు వేసి ఉండాలి, చక్రాలకు రాళ్లు పెట్టాలి. నేల మీద నిలబడి స్క్రూడ్రైవర్‌తో సెల్ఫ్ టెర్మినళ్లు కలిపి స్టార్ట్ చేసే అలవాటు మన పల్లెల్లో చాలామందికి ఉంది. అలా కలిపితే, గేరులో ఉండగా స్టార్ట్ కానివ్వని సేఫ్టీ స్విచ్చికి పని ఉండదు. బండి గేరులో ఉంటే ఇంజను అందుకోగానే కదులుతుంది, వెనక చక్రం ముందు నిలబడ్డ మనిషి మీదికే వస్తుంది. ఎంత తొందరున్నా ఆ పని చేయకండి. బ్యాటరీ నుంచి మండే గ్యాసు వస్తుంది కాబట్టి దగ్గర్లో బీడీ, సిగరెట్ వద్దు. కేబుళ్లు విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. పాత విదేశీ ట్రాక్టర్లలో కొన్నిటికి ప్లస్సే బాడీకి కలిపి ఉంటుంది, వాటికి ఈ వరస తిరగబడుతుంది.

హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి

మీటరు లేకపోయినా చేయగలిగిన పరీక్ష ఇది. లైట్లు వేసి, ఒకరిని ముందు నిలబెట్టి సెల్ఫ్ కొట్టండి. లైట్లు ఏమాత్రం తగ్గకుండా వెలుగుతూ, సెల్ఫ్ నుంచి చప్పుడే లేకపోతే కరెంటు సెల్ఫ్ దాకా వెళ్లడం లేదు. లైట్లు ఒక్కసారిగా ఆరిపోతే బ్యాటరీ టెర్మినల్ వదులుగా ఉంది, లేదా బ్యాటరీ ఖాళీ. లైట్లు బాగా మందగించి, సెల్ఫ్ మూలుగుతూ తిరిగితే బ్యాటరీ నీరసంగానైనా ఉండాలి, సెల్ఫ్ లోపల బిగుసుకునైనా ఉండాలి.

టకటకా కొట్టుకోవడం, లేదా ఒక్క టక్‌తో ఆగిపోవడం

ఎక్కువగా వచ్చే ఇబ్బంది ఇదే, డబ్బు ఎక్కువగా వృథా అయ్యేదీ ఇక్కడే.

సొలినాయిడ్, అంటే తాళం తిప్పగానే సెల్ఫ్ మోటార్‌కు కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్చి, టకటకా వరసగా కొట్టుకుంటుంటే వోల్టేజి చాలడం లేదని అర్థం. సొలినాయిడ్ లాగుతుంది, లాగగానే మోటార్ కరెంటు పీల్చేసి వోల్టేజి పడిపోతుంది, సొలినాయిడ్ వదిలేస్తుంది, మళ్లీ లాగుతుంది. మల్టీమీటర్‌తో బ్యాటరీని చూడండి. రాత్రంతా వాడకుండా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.0 చూపిస్తే దాదాపు ఖాళీ. దీనికంటే అసలు పరీక్ష సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు చేసేది. స్టాప్ నాబ్ లాగి ఉంచి సెల్ఫ్ కొట్టి, బ్యాటరీ పోస్టుల మీద చూడండి. నిండుగా ఛార్జి చేసిన బ్యాటరీ కూడా 9.6 వోల్టుల కంటే కిందికి జారిపోతుంటే బ్యాటరీ మీదే అనుమానం పెట్టుకోవచ్చు. మూతలు తీసే రకమైతే యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ పెట్టండి. నిండు ఛార్జి మీద ప్రతి సెల్లూ 1.240 నుంచి 1.280 మధ్య చూపాలి. ఆరింటిలో ఒకటి మాత్రం మిగతావాటికంటే 0.050 తక్కువ చూపిస్తే ఆ సెల్ పోయింది, ఇక ఎంత ఛార్జి చేసినా లాభం లేదు.

నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు, ఉప్పులు ఎంతున్నాయో మనకు తెలిసిందే. తాగడానికే పనికిరాని ఆ నీళ్లు ప్లేట్లకు ఇంకా చేటు. బ్యాటరీ దిగిపోతోందని యాసిడ్ కలపడం కూడా తప్పే.

బ్యాటరీ 10 వోల్టుల పైనే నిలబడుతోంది, అయినా సెల్ఫ్ లేవడం లేదనుకోండి. అప్పుడు కరెంటు దారిలో ఎక్కడో పోతోంది. పెన్నా కాలువ పైన నిండుగా పారుతున్నా మధ్యలో పూడికుంటే చివరి ఆయకట్టుకు నీళ్లు అందవు కదా, ఇదీ అంతే. లెక్క వేస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. డీజిల్ ట్రాక్టరు సెల్ఫ్ 300 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఆ దారిలో ఒక ఓమ్‌లో నూరో వంతు అడ్డం పడితే చాలు, 3 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. కంటికి కనిపించని తుప్పు పొర కూడా అంత అడ్డం పడగలదు.

దీన్ని కొలవడం తేలిక. మీటరు ఒక కొస బ్యాటరీ ప్లస్ పోస్టు మీద, క్లాంపు మీద కాదు, సీసపు పోస్టు మీదే పెట్టండి. రెండో కొస సెల్ఫ్ మోటార్‌కు వెళ్లే లావు టెర్మినల్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టండి. అర వోల్టు దాటకూడదు. అలాగే మైనస్ పోస్టు నుంచి సెల్ఫ్ మోటార్ బాడీకి చూడండి. అక్కడ 0.3 వోల్టు దాటితే ఎర్త్, అంటే మైనస్‌ను బాడీకి కలిపే దారి, బాగోలేదు. దాటిన వైపున ఒక్కో జాయింటునూ విడివిడిగా కొలుచుకుంటూ పోతే దొంగ దొరుకుతాడు.

నా అనుభవంలో ఎక్కువసార్లు దొరికేది ఎర్త్ వైపే. ప్లస్ కేబుల్‌ని అందరూ చూస్తారు, మైనస్ పట్టీ ఎక్కడ బిగించి ఉందో చాలామంది వంగి కూడా చూడరు. దాని బోల్టు కింద పాత పెయింటు, ఎండిపోయిన దమ్ము బురద, తుప్పు పొరలుపొరలుగా పేరుకుని ఉంటాయి. మీటరు లేకపోతే జంప్ కేబుల్ ఒకటి తీసుకుని, ఒక కొస బ్యాటరీ మైనస్‌కు, రెండోది ఇంజను మీద శుభ్రమైన ఇనుముకు పట్టించి సెల్ఫ్ కొట్టండి. అప్పటిదాకా మూలిగిన సెల్ఫ్ చురుగ్గా తిరిగితే తప్పు ఎర్త్‌దే. బోల్టు విప్పి, ఇనుము మెరిసేదాకా గీకి, మళ్లీ గట్టిగా బిగించాలి.

అల్లూరు, విడవలూరు, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి టెర్మినళ్లు త్వరగా పాడవుతాయి. తెల్లగా, పచ్చగా పేరుకున్నదాన్ని వంటసోడా కలిపిన నీళ్లతో కడగండి. ఆ నీళ్లు సెల్లోకి పోకుండా మూతలు బిగించి ఉండాలి. ఆరాక పోస్టునూ క్లాంపు లోపలి వైపునూ గరుకు కాగితంతో రుద్ది, బిగించాక పైన వాజలైన్ రాయండి. గ్రీజు ముందే పూసి బిగించడం మంచి పద్ధతి కాదు. కేబుల్ తొడుగు కింద రాగి నల్లబడి ఉంటే మార్చేయడమే. ఇంటి వైరింగ్ వైరు ముక్క అతికించి నెట్టుకొచ్చే బళ్లను ఇప్పటికీ చూస్తున్నాం. సెల్ఫ్ కేబుల్‌కు 35 లేదా 50 చదరపు మిల్లీమీటర్ల రాగి కావాలి.

దారంతా బాగుండి కూడా ఒక్క టక్‌తో ఆగిపోతే సొలినాయిడ్ లోపలి కాంటాక్టులు కాలి ఉంటాయి, లేదా మోటార్‌లో కార్బన్ బ్రష్షులు అరిగి ఉంటాయి. దమ్ములో బురద నీళ్లు సెల్ఫ్‌లోకి దిగితే బ్రష్షులు హోల్డర్లలో ఇరుక్కుపోవడం మామూలే. ఇరుసును పట్టి ఉంచే బుష్షులు అరిగితే, మోటార్‌లో తిరిగే భాగమైన ఆర్మేచర్ పక్కలకు ఒరుసుకుని మోటార్ వేడెక్కుతుంది, కరెంటు విపరీతంగా లాగుతుంది. ఇది గట్టు మీద కూర్చుని చేసే పని కాదు. విప్పి నెల్లూరులోనో ఒంగోలులోనో ఆటో ఎలక్ట్రీషియన్‌కు ఇవ్వండి. బ్రష్షులతో పాటు బుష్షులూ మార్చమని మీరే అడగండి.

అసలు చప్పుడే లేకపోతే

సన్న వైరు దారి చూడాలి. సొలినాయిడ్ మీది చిన్న టెర్మినల్‌కు టెస్ట్ బల్బు పెట్టి, ఒకరిని తాళం తిప్పమనండి. బల్బు బాగా వెలిగితే తప్పు సొలినాయిడ్‌లో ఉంది. వెలగకపోతే అక్కడి నుంచి వెనక్కి నడవండి: న్యూట్రల్ లేదా క్లచ్ సేఫ్టీ స్విచ్, తాళం స్విచ్, ఫ్యూజు. గేరు లివరు కాస్త అటూ ఇటూ కదిపినప్పుడు సెల్ఫ్ పడితే న్యూట్రల్ స్విచ్ మార్చాలి. దాన్ని వైరుతో కలిపి పక్కనపెట్టేయడం మాత్రం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. కొండపి, టంగుటూరు వైపు పొగాకు బ్యారన్ పక్కన నెలల తరబడి నిలిపిన బళ్లలో ఎలుకలు కొరికిన వైర్లు ఎక్కువ, డ్యాష్‌బోర్డు వెనక ఒకసారి టార్చి వేయండి.

బల్బు మసకగా వెలిగితే తాళం స్విచ్ కాంటాక్టులు అరిగాయన్నమాట. మధ్యలో ఒక 12 వోల్టుల, 40 ఆంపియర్ల రిలే పెట్టిస్తే తాళం స్విచ్ మీద భారం తగ్గుతుంది. పాత బండికి తక్కువ ఖర్చుతో చేయించగలిగిన మంచి మార్పు ఇదే అంటాను.

సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజను తిరగదు

గుయ్యిమని వట్టి శబ్దం వస్తే సెల్ఫ్ కొసనున్న చిన్న పళ్లచక్రం (పినియన్) ఇంజను ఫ్లైవీల్ చుట్టూ ఉన్న పెద్ద పళ్లచక్రాన్ని (రింగ్ గేర్) పట్టడం లేదు. గరగర వస్తే పళ్లు అరిగాయి. రెండూ మెకానిక్ పనులే. ఇంజను స్టార్ట్ అయ్యాక కూడా సెల్ఫ్ వదలకపోతే కాంటాక్టులు అతుక్కుపోయాయి. స్టాప్ నాబ్ లాగి ఇంజను ఆపి, వెంటనే బ్యాటరీ కేబుల్ తీసేయండి. ఆలస్యమైతే మోటార్ కాలిపోతుంది.

సాయంత్రం బాగుంది, పొద్దున్నే డౌన్

ఇంజను నడుస్తుండగా రేజ్ పెంచి బ్యాటరీ మీద కొలవండి. 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉంటే ఛార్జింగ్ సరిగ్గానే ఉంది. 12 దగ్గరే ఆగిపోతే ముందు బెల్టు వదులైందేమో చూసి, తర్వాత ఆల్టర్నేటర్ సంగతి చూడండి. ఆల్టర్నేటర్ బదులు డైనమో ఉన్న పాత బళ్లు తక్కువ రేజ్‌లో పెద్దగా ఛార్జి చేయవు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ కేబుల్ పీకి ఆల్టర్నేటర్‌ని పరీక్షించే పాత పద్ధతి మానేయాలి, డయోడ్లు పోతాయి.

ఛార్జింగ్ బాగున్నా పొద్దుటికి దిగిపోతుంటే అన్నీ ఆపేసి, మైనస్ కేబుల్ విప్పి, పోస్టుకూ కేబుల్‌కూ మధ్య టెస్ట్ బల్బు పెట్టండి. వెలిగితే ఏదో కరెంటు తాగుతోంది. పాటల సెట్టు, అదనంగా పెట్టించిన లైట్లు, ఆల్టర్నేటర్ వైరు, ఇలా ఒక్కోదాన్ని విప్పుతూ పోండి. దేన్ని విప్పినప్పుడు బల్బు ఆరుతుందో తప్పు దానిదే. ఎడగారు పంట అయ్యాక బండిని షెడ్డులో పెట్టేసేవాళ్లు మైనస్ కేబుల్ తీసేసి, నెలకోసారి బ్యాటరీకి ఛార్జి పెట్టించాలి.