ఎలక్ట్రాన్ ఎటు వంగుతుంది: సూత్రం కంటే ముందు బాణం గీయండి

విద్యుత్ క్షేత్రం లెక్క ఇవ్వగానే మా పిల్లలు సూత్రం కోసం వెతుక్కుంటారు. నేను మాత్రం ముందు పెన్సిల్ తీయమంటాను. రెండు పలకలు అడ్డంగా గీయండి. పైదానికి ప్లస్, కిందిదానికి మైనస్ పెట్టండి. ప్లస్ నుంచి మైనస్‌కి, అంటే పైనుంచి కిందికి, బాణాలు వేయండి. క్షేత్రం దిశ అదే. ధనావేశం మీద బలం బాణం వైపే ఉంటుంది, రుణావేశం మీద దానికి సరిగ్గా ఎదురు. కాబట్టి మన ఎలక్ట్రాన్ పైకి వంగుతుంది. ఆ మాట బొమ్మ పక్కనే రాసేయండి. ఇక లెక్కలోకి మైనస్ గుర్తు తేవద్దు. దిశ సంగతి బొమ్మ చూసుకుంటుంది, అంకెలతో పరిమాణం మాత్రం తేల్చుకుందాం.

పలకల మధ్య 2 సెంటీమీటర్లు, 100 వోల్టులు అనుకోండి. దూరాన్ని మీటర్లలోకి మార్చి వోల్టులను దానితో భాగిస్తే క్షేత్ర తీవ్రత మీటరుకు 5000 వోల్టులు. దాన్ని ఎలక్ట్రాన్ ఆవేశం 1.6 × 10⁻¹⁹ కూలుంబులతో గుణిస్తే బలం 8 × 10⁻¹⁶ న్యూటన్లు. ఇంత చిన్న బలం ఏం చేస్తుందిలే అనిపిస్తుంది. ద్రవ్యరాశి 9.1 × 10⁻³¹ కిలోగ్రాములతో భాగించి చూడండి: త్వరణం 8.8 × 10¹⁴ మీ/సె². గురుత్వ త్వరణం 9.8 దీని ముందు ఏపాటి? అందుకే ఇక్కడ ఎలక్ట్రాన్ బరువును పట్టించుకోం. అదే ఎలక్ట్రాన్ ఆవేశాన్ని కొలవడానికి మిల్లికాన్ ఆవేశమున్న నూనె బిందువులతో చేసిన ప్రయోగం లెక్క అయితే బరువును వదిలేయకూడదు. అక్కడ బిందువును గాల్లో నిలబెట్టేది ఆ బరువుకీ విద్యుత్ బలానికీ కుదిరే సమతూకమే.

ఇప్పుడు ఎలక్ట్రాన్‌ను పలకల నడిమధ్య నుంచి, వాటికి సమాంతరంగా, 10⁷ మీ/సె వేగంతో పంపుదాం. పలకల పొడవు 5 సెంటీమీటర్లు. అడ్డంగా విసిరిన రాయి లాంటిదే ఇది: ముందుకు పోయే వేగం మారదు, నిలువు వేగం మాత్రం పెరుగుతూ పోతుంది. పలకలు దాటడానికి 5 × 10⁻⁹ సెకన్లు పడుతుంది. త్వరణంలో సగాన్ని కాలం వర్గంతో గుణిస్తే విచలనం, అంటే ఎలక్ట్రాన్ పైకి జరిగే దూరం, 1.1 సెంటీమీటర్లు.

చాలామంది ఇక్కడ జవాబు కింద గీత కొట్టేస్తారు. ఒక్క క్షణం ఆగి బొమ్మ చూడండి. నడిమధ్య నుంచి పై పలకకి ఉన్నదే 1 సెంటీమీటరు! అంటే ఎలక్ట్రాన్ అసలు బయటికి రాలేదు. లోపలికి వచ్చిన చోటు నుంచి 4.8 సెంటీమీటర్ల దూరంలో పై పలకను గుద్దుకుంది. అందుకే విచలనం వచ్చాక పలకల ఎడంలో సగంతో పోల్చి తీరాలంటాను. వోల్టేజీ 91కి తగ్గిస్తే అంచును తాకీ తాకనట్టు వెళ్తుంది, ఇంకా తగ్గిస్తే హాయిగా బయటపడుతుంది.

ఇక మీ వంతు. అదే 100 వోల్టుల దగ్గర, అదే వేగంతో ప్రోటాన్‌ను పంపండి. బలం పరిమాణం మారదు, దిశ కిందికి. ద్రవ్యరాశి మాత్రం దాదాపు 1836 రెట్లు. విచలనం ఇంచుమించు 6 మైక్రోమీటర్లు వస్తే మీ లెక్క సరైనట్టే.