లినక్స్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కడి నుంచి ఎక్కించుకోవాలి?

పాత ల్యాప్‌టాప్‌లకి లినక్స్ ఎక్కించి ఇమ్మని తెలిసినవాళ్లు నా దగ్గరికి తెస్తుంటారు. ఎక్కువగా నాలుగు జీబీ ర్యామ్, నెట్ అంటే ఫోన్ హాట్‌స్పాటే. అందుకే ఉబుంటు, మింట్, డెబియన్ అనే లినక్స్ రకాల్లో దేంట్లోనైనా నేను ముందు చూసేది ఆప్ట్‌లోనే, అంటే సిస్టమ్‌తో పాటే వచ్చే, సాఫ్ట్‌వేర్ దించి ఎక్కించే టూల్‌లోనే.

ఆప్ట్ తెచ్చే డెబ్ ప్యాకేజీలు (డెబియన్ తరహా సాఫ్ట్‌వేర్ ఫైళ్లు) సిస్టమ్‌లో ఉన్న లైబ్రరీలనే, అంటే ప్రోగ్రాములు పంచుకునే కోడ్ ఫైళ్లనే, వాడుకుంటాయి. డౌన్‌లోడ్ చిన్నది, డిస్క్‌లో చోటూ తక్కువే పడుతుంది. లోటల్లా వెర్షన్ పాతబడటమే. డెబియన్ స్టేబుల్ దాదాపు రెండేళ్లకోసారి వస్తుంది, మధ్యలో సెక్యూరిటీ సవరణలే తప్ప కొత్త ఫీచర్లు పెద్దగా రావు. టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండో) ‘ఆప్ట్ పాలసీ’ (apt policy) అని కొట్టి పక్కన ప్యాకేజీ పేరు ఇస్తే, ఏ వెర్షన్ దిగుతుందో ముందే కనిపిస్తుంది. అది చాలనుకుంటే ఇంకో దారి వెతక్కండి.

చాలకపోతే ఫ్లాట్‌పాక్, అంటే రకరకాల లినక్స్‌లలో నడిచేలా యాప్‌ని విడిగా ప్యాక్ చేసే పద్ధతి. ఇంక్‌స్కేప్, బ్లెండర్ లాంటివి కొత్త వెర్షన్ కావాలంటే ఫ్లాట్‌పాక్ యాప్‌లు దొరికే ఫ్లాట్‌హబ్ సైట్ నుంచే తీసుకుంటాను, సిస్టమ్ లైబ్రరీల జోలికి అది పోదు. మొదటి యాప్‌కి మాత్రం రన్‌టైమ్ (యాప్ నడవడానికి కావలసిన లైబ్రరీల కట్ట) కూడా దిగాలి కాబట్టి వందల ఎంబీలు ఖర్చవుతాయి. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ ఉన్నవాళ్లకి అది చిన్న విషయం కాదు. అదే రన్‌టైమ్ వాడే రెండో యాప్‌కి ఆ బరువుండదు. టెర్మినల్‌లో ఎక్కిస్తే డౌన్‌లోడ్ సైజుల పట్టిక చూపించి అనుమతి అడుగుతుంది, అది చదివాకే సరేననండి. యాప్‌కి మీ ఫోల్డర్ కనిపించకపోతే ఫ్లాట్‌సీల్ అనే యాప్‌లో ఆ అనుమతి ఇవ్వొచ్చు.

మూడోది స్నాప్, ఫ్లాట్‌పాక్ లాంటిదే, ఉబుంటు వాళ్ల సొంత పద్ధతి. ఉబుంటు 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ స్నాప్‌గానే వస్తోంది, ఉబుంటు ఆప్ట్‌లో అడిగినా స్నాపే ఎక్కుతుంది. స్నాప్ రోజుకి నాలుగుసార్లు తనంతట తానే అప్‌డేట్లు చూసుకుంటుంది. ఎవరూ పట్టించుకోని సర్వర్‌కి ఇది నిజంగా మేలు, హాట్‌స్పాట్ మీద బతికే ల్యాప్‌టాప్‌కి టెన్షన్. టెర్మినల్‌లో ‘స్నాప్ రిఫ్రెష్’ కమాండ్‌కి హోల్డ్ ఆప్షన్ ఇచ్చి (snap refresh --hold) ఆపండి, కానీ నెట్ బాగున్న రోజు తప్పకుండా అప్‌డేట్ చేయండి. బ్రౌజర్‌ని పాతబడనివ్వకూడదు.

నాలుగోది యాప్‌ఇమేజ్, యాప్ మొత్తం ఉండే ఒక్క ఫైలే. ప్రాపర్టీస్‌లో రన్ చేసే అనుమతి ఇచ్చి తెరవడమే. కొత్త ఉబుంటుల్లో చాలా యాప్‌ఇమేజ్‌లు తెరుచుకోవాలంటే లిబ్‌ఫ్యూజ్2 అనే లైబ్రరీ విడిగా ఎక్కించాలి. అప్‌డేట్లు ఎక్కువగా మీరే చూసుకోవాలి కాబట్టి తయారుచేసినవాళ్ల సైట్ నుంచే దించండి.

ఒక రకం నుంచి ఇంకో రకానికి మారేముందు సెట్టింగ్స్ కాపీ చేసుకోండి. ఫ్లాట్‌పాక్ యాప్‌లు వాటిని హోమ్‌లో డాట్ వార్ (.var) అనే దాచిన ఫోల్డర్‌లో పెట్టుకుంటాయి, పాత డెబ్ సెట్టింగ్స్ సాధారణంగా అక్కడికి వాటంతటవే రావు.