చికెన్ కోసిన గట్టు శుభ్రం చేయడానికి

ఆదివారం చికెన్ కోశాక వంటగట్టు మీద క్లీనర్ కొట్టి వెంటనే గుడ్డతో తుడిచేసేదాన్ని. నెల తిరక్కుండానే సీసా ఖాళీ. ఒకరోజు దాని వెనక చిన్న అక్షరాలు చదివితే, పది నిమిషాలు తడిగా ఉంచాలని ఉంది. అలా ఉంచకపోతే క్రిములు చావవు.

ఇప్పుడు ముందు గిన్నెల సబ్బుతో జిడ్డు పోయేదాకా రుద్ది కడుగుతున్నా. ముక్కలు కోసే చెక్క అంచు, సింకు పక్క సందు కూడా. సగం పని అక్కడే అయిపోతుంది. తర్వాత అరలీటరు చన్నీళ్లలో 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ఉన్న మామూలు బ్లీచ్ రెండు టీస్పూన్లు (10 మిల్లీలీటర్లు) కలిపి, గట్టంతా తడిసేలా పూసి 10 నిమిషాలు వదిలేస్తాను. కిటికీ తెరిచే ఉంచుతాను. చివర్లో మంచినీళ్లతో తుడుస్తాను. పచ్చి మాంసం తగలని రోజు సబ్బునీళ్లే చాలు. రోజూ ఎక్కువగా బ్లీచ్ పోస్తే సెప్టిక్ ట్యాంకులో మురికిని కరిగించే మంచి బ్యాక్టీరియా కూడా దెబ్బతినొచ్చు.

జిడ్డు మిగిలినా, ఎప్పుడో కలిపి పెట్టిన నీళ్లు వాడినా ఇది పనిచేయదు. ఏ రోజుకారోజు కలుపుకోండి. బాత్రూం యాసిడ్‌తో మాత్రం అస్సలు కలపకండి, క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరాడదు.