విశాఖ నుంచి తుని దాకా ఒంటరిగా సైకిల్ మీద: పగలు తొక్కుడు, రాత్రి టెంట్

రాత్రి ఎక్కడ పడుకోవాలో ముందు తేల్చుకోండి, ఎన్ని కిలోమీటర్లు తొక్కాలన్నది ఆ తర్వాత. మొదటిసారి నేను దీన్ని తిరగేసి చేశాను. ఇంకో పది, ఇంకో పది అనుకుంటూ చీకటి పడేదాకా తొక్కాను. తీరా ఒక బంకులో అడిగితే కుదరదన్నారు, పక్కనున్న ధాబా మూసేసి ఉంది, ఇక వెనకొచ్చే లారీల లైట్లు తప్ప వేరే వెలుగు లేని రోడ్డు అంచున గంటన్నర సైకిల్ తోసుకుంటూ నడిచాను. ఆ టెన్షన్ మీకొద్దు. సాయంత్రం నాలుగింటికి ఎక్కడుండాలో అనుకుని, అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెట్టండి.

విశాఖ నుంచి తుని 16వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 100 కిలోమీటర్లు. అనకాపల్లి, యలమంచిలి, నక్కపల్లి, పాయకరావుపేట దాటి తాండవ నది వంతెన ఎక్కితే తుని. సామాన్లతో గంటకు 15 నుంచి 18 కిలోమీటర్లు వస్తుంది, టిఫినూ భోజనమూ ఒక పంచరూ కలుపుకుంటే తొమ్మిది గంటలు పడుతుంది. అంటే తెల్లవారుతుండగానే, ఆరింటికల్లా రోడ్డు మీద ఉండాలి. డిసెంబరు, జనవరి నెలలు మంచివి, ఎండ తక్కువ, పైగా అప్పుడు ఈశాన్యం గాలి వీస్తుంది, మనం వెళ్ళేది నైరుతికి కాబట్టి గాలి వీపు మీద తోస్తుంది. కాకపోతే ఆ రోజుల్లో ఐదున్నరకే పొద్దు కుంకుతుంది. డిసెంబరులో తుపాను హెచ్చరిక ఏదైనా ఉంటే మాత్రం ప్రయాణం వాయిదా వేసుకోండి, అందులో మొహమాటం వద్దు.

సామాన్లు క్యారియర్‌కి రెండు పక్కలా సమానంగా, బరువైనవి కిందకి సర్దండి. వెనక చక్రం మీద బరువెక్కువ కాబట్టి ముందు టైరు కన్నా అందులో కాస్త గాలి ఎక్కువ ఉండాలి, ఎంతవరకు కొట్టొచ్చో టైరు పక్కనే అచ్చు వేసి ఉంటుంది.

హైవే అంచున పంచర్లకి ముఖ్య కారణం మేకులు కాదు, పేలిన లారీ టైర్లలోంచి ఊడిపడే సన్నని ఉక్కు తీగలు. అవి వెంట్రుకంత ఉంటాయి, కంటికి ఆనవు. ట్యూబు మార్చి గాలి కొట్టేస్తే పది నిమిషాల్లో మళ్ళీ దిగిపోతుంది. అందుకని టైరు విప్పగానే చిన్న దూది ఉండ తీసుకుని లోపలంతా మెల్లగా తిప్పండి, తీగ ఉన్నచోట దూది పోగు పట్టుకుని ఆగిపోతుంది. అక్కడ పట్టకారుతో లాగేయండి. వేలితో తడిమితే వేలు కోసుకుంటుంది. రోడ్డు మీద కొత్త ట్యూబు వేసుకుని, పాతదానికి ప్యాచ్ సాయంత్రం తీరిగ్గా వేసుకోవచ్చు.

తిండి విషయంలో ఆకలేసేదాకా ఆగకండి. ఎలాగూ అనకాపల్లి మీదుగా వెళ్తాం కదా, అక్కడ బెల్లం కొని వేయించిన వేరుశనగ గుళ్ళతో జేబులో వేసుకుంటే గంటకోసారి ఓ పిడికెడు సరిపోతుంది. మధ్యాహ్నం పెరుగన్నం, మజ్జిగ. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ పెద్దదైతే లీటరు నీళ్ళలో మొత్తం కలపాలి, సగం సగం వద్దు.

నక్కపల్లి దాటాక మెల్లగా ధాబాలు, బంకులు చూసుకుంటూ వెళ్ళండి. కుటుంబం కూడా అక్కడే ఉండే ధాబా అయితే నా మనసు కుదుటపడుతుంది. ముందు టీ తాగి, పెద్దాయన ఎవరో చూసి సూటిగా అడగండి: ‘బాబాయ్, సైకిల్ మీద విశాఖ నుంచి వస్తున్నాను. ఈ రాత్రికి ఓ మూల టెంట్ వేసుకోవచ్చా? రాత్రి భోజనం మీ దగ్గరే చేస్తాను, పొద్దున్నే వెళ్ళిపోతాను.’ వద్దంటే ఇంకోచోట అడగడానికి చేతిలో వెలుతురు ఉంటుంది, నాలుగింటికి ఆగమన్నది అందుకే.

చోటు దొరికాక లారీలు ఎక్కడ రివర్స్ చేస్తాయో కనుక్కుని దానికి దూరంగా వేసుకోండి. కొబ్బరిచెట్ల కింద వద్దు, కాయ పడితే టెంట్ ఆపదు. పొలం గట్లకి, గడ్డివాములకి దగ్గరగా ఎలుకలుంటాయి, వాటికోసం పాములొస్తాయి. జిప్ ఎప్పుడూ మూసే ఉంచండి, బూట్లు లోపలే పెట్టుకోండి. సైకిల్‌కి తాళం వేసి, చక్రానికీ టెంట్ తాడుకీ ముడి వేస్తే ఎవరు కదిపినా తెలుస్తుంది. లొకేషన్ ఇంట్లోవాళ్ళకి పంపండి. 112తో పాటు హైవే సాయం కోసం 1033 కూడా ఫోన్‌లో ఉంచుకోండి.

పొద్దున్న టెంట్ మంచుకి తడిసి బరువుగా ఉంటుంది. అక్కడ ఆరబెడుతూ కూర్చోకుండా అలాగే చుట్టి కట్టేయండి. తుని నుంచి అన్నవరం ఇరవై కిలోమీటర్లు కూడా లేదు, అక్కడ టిఫిన్ చేసేలోపు ఎండలో పరిస్తే ఆరిపోతుంది.