జర్మనీ నుంచి పాత బర్త్ రికార్డ్ తెప్పించుకోవాలంటే ముందు పేరు స్పెల్లింగ్ చూసుకోండి

జనన మరణాలు, పెళ్లిళ్లు రిజిస్టర్ చేసే ఆఫీసుని జర్మనీలో స్టాండెసామ్ట్ అంటారు. అప్పటి జర్మనీలో అన్నిటికన్నా పెద్ద రాజ్యమైన ప్రష్యాలో 1874 అక్టోబర్ నుంచి, మిగతా దేశమంతా 1876 జనవరి నుంచి ఈ పద్ధతి వచ్చింది, అంతకుముందువి చాలావరకు చర్చి పుస్తకాల్లోనే ఉంటాయి. మన గుంటూరుకి 1842లో వచ్చిన మిషనరీ ఫాదర్ హేయర్ పుట్టింది 1793లో జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో, అలాంటి వాళ్ల కోసం స్టాండెసామ్ట్‌కి రాసి లాభం లేదు, చర్చి రికార్డులే వెతకాలి, అదీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ అని కాదు, యోహాన్ క్రిస్టియన్ ఫ్రీడ్రిష్ అని.

పుట్టి 110 ఏళ్లు, పెళ్లయి 80 ఏళ్లు, చనిపోయి 30 ఏళ్లు దాటితే ఆ రిజిస్టర్లు ఆర్కైవ్‌కి, అంటే పాత రికార్డులు భద్రపరిచే చోటికి వెళ్తాయి, అప్పుడు ఎవరైనా అడగొచ్చు. దాటకపోతే మాత్రం మీరు ఆ వంశంలో నేరుగా వారసులని చూపించే సర్టిఫికెట్లు, మీ ఐడీ కాపీ జత చేయాలి.

ఇక అసలు చిక్కంతా పేరు దగ్గరే. ముల్లర్ అనే ఇంటిపేరులో యు మీద రెండు చుక్కలుంటాయి, చుక్కలు లేని చోట దాన్నే యు పక్కన ఇ పెట్టి రాస్తారు, అమెరికా వెళ్లినవాళ్లలో కొందరు ఏకంగా మిల్లర్ అయిపోయారు. మయర్‌కైతే మధ్యలో ఇ-వై, ఇ-ఐ, ఎ-వై, ఎ-ఐ అని నాలుగు రకాలున్నాయి. అందుకే ఇంట్లో ఇప్పుడు వాడే స్పెల్లింగ్ ఒక్కటే రాసి ఊరుకోకండి, వచ్చే అవకాశమున్నవన్నీ రాయండి, పుట్టిన ఊరు, తేదీ, అమ్మానాన్నల పేర్లు, తల్లి పుట్టింటి ఇంటిపేరు కూడా ఇవ్వండి. యోహాన్ అనేది ఇంట్లో ముగ్గురు నలుగురికి ఉండొచ్చు, పిలిచే పేరు దాని వెనక ఉండేది, కాబట్టి పేర్లన్నీ వరసగా రాయాలి.

ఇంకో మాట, ఎక్స్‌ట్రాక్ట్, అంటే రిజిస్టర్ చూసి వివరాలు టైప్ చేసిచ్చే కాగితం వద్దు, రిజిస్టర్ పేజీ కాపీయే కావాలని అడగండి. కురెంట్ అనే పాత జర్మన్ చేతిరాతలో ఇ అచ్చం ఎన్‌లా ఉంటుంది, యుని గుర్తుపట్టడానికి పైన చిన్న వంపు గీత పెడతారు, పొడుగు ఎస్ అయితే ఎఫ్‌లా కనిపిస్తుంది, టైప్ చేసినవాళ్లు తప్పు చదివితే మీ దగ్గర సరిచూసుకోడానికి ఏమీ ఉండదు. పేజీ అంచున తర్వాత రాసిన నోట్‌లో పెళ్లి, మరణం వివరాలు దొరకొచ్చు కూడా. ఫీజు ఊరూరికీ వేరు, ఎంతో, బయటి దేశం నుంచి ఎలా కట్టాలో అదే లెటర్లో అడిగేయండి, లెటర్ జర్మన్‌లో ఉంటే ఇంకా మంచిది.