ఫ్యాక్టోరియో నేర్చుకుందాం – 7: హెవీ ఆయిల్ నిండిపోతే

ఈసారి రైళ్ళ గురించి రాస్తానని మాటిచ్చాను. రైళ్ళు వచ్చే పాఠానికి వాయిదా. ఆరో పాఠం చదివి పాత సేవ్‌ని గేమ్ కొత్త వెర్షన్ 2.0లో తెరిచినవాళ్ళలో చాలామంది ఆయిల్ దగ్గరే ఇరుక్కుపోయారు. మొన్న ఆదివారం బెంగళూరు మారతహళ్ళిలో కలిసినప్పుడు ఎవరి లాప్‌టాప్ చూసినా అదే కథ. ప్లాస్టిక్ లేదు, సల్ఫర్ లేదు, ముడి చమురు శుద్ధి చేసే రిఫైనరీలన్నీ ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాయి. "అన్నా, అప్‌డేట్ వచ్చి మా ఫ్యాక్టరీని నాశనం చేసింది" అని అందరిదీ ఒకటే ఫిర్యాదు.

అప్‌డేట్ వల్ల మారినవి కొన్ని ఉన్నాయి, వాటిని ముందు చకచకా చూసేద్దాం. మీ రిఫైనరీలు ఆగింది మాత్రం వాటివల్ల కాదు, ఎప్పటినుంచో ఉన్న ఒక గొయ్యిలో పడి. ఈ పాఠం ఎక్కువగా ఆ గొయ్యి గురించే.

కొత్తగా చేరినవాళ్ళకి రెండు ముక్కలు. ఫ్యాక్టోరియో ప్రాగ్‌లో ఉండే వూబ్ సాఫ్ట్‌వేర్ వాళ్ళ గేమ్. 1.0 వచ్చింది 2020 ఆగస్టు 14న, 2.0 వచ్చింది 2024 అక్టోబరు 21న. అదే రోజు స్పేస్ ఏజ్ అనే ఎక్స్‌పాన్షన్ కూడా వచ్చింది, దానికి విడిగా డబ్బు కట్టాలి. గేమ్ ముందే కొన్నవాళ్ళకి 2.0 మాత్రం ఉచితం. ఇవాళ్టి పాఠానికి స్పేస్ ఏజ్ అవసరం లేదు. ముడి చమురు తోడే పంప్‌జాక్ ఎక్కడ పెట్టాలి, రిఫైనరీకి రెసిపీ ఎలా ఎంచుకోవాలి లాంటివి నేను చెప్పను, అవి మీకు వచ్చనే అనుకుంటాను.

పైపుల్లో ఏం మారింది

పాత వెర్షన్‌లో పైపు పొడవు పెరిగేకొద్దీ ప్రవాహం తగ్గిపోయేది. అందుకే మనమంతా వీలైన చోటల్లా అండర్‌గ్రౌండ్ పైపులు వేసి, మధ్యమధ్యలో పంపులు దూర్చేవాళ్ళం. 2.0లో ఆ లెక్క పోయింది. ఒకదానికొకటి తగులుకుని ఉన్న పైపులూ ట్యాంకులూ అన్నీ కలిపి ఒకే నిల్వ. ఈ చివర పోస్తే ఆ చివర వెంటనే తీసుకోవచ్చు. దీనికి ఒక హద్దు పెట్టారు: పైపులైను మొత్తం 320 గళ్ళ పొడవు, 320 గళ్ళ వెడల్పు ఉన్న చదరంలో ఇమడాలి. దాటితే గేమ్ హెచ్చరిక చూపిస్తుంది, లైను పనిచేయదు. అంతకంటే దూరం వెళ్ళాలంటే మధ్యలో ఒక పంపు పెట్టండి. పంపు దగ్గర ఒక లైను ముగిసి ఇంకోటి మొదలవుతుంది కాబట్టి హద్దు మళ్ళీ కొత్తగా లెక్కకొస్తుంది.

పంపుల గురించి ఒక మాట, ఇది పాత సేవ్ ఉన్నవాళ్ళందరికీ. ఇంతకుముందు పంపు సెకనుకి 12,000 యూనిట్ల వరకు తోసేది. ఇప్పుడు 1,200 మాత్రమే. అప్పట్లో వేగం కోసం పెట్టిన పంపే ఇప్పుడు దారికి అడ్డం. పెద్ద ఫ్యాక్టరీలో వందలాది యంత్రాలకి వెళ్ళే లైనులో అలాంటిది ఒక్కటున్నా దాని అవతలంతా 1,200తోనే సరిపెట్టుకోవాలి. 320 గళ్ళ హద్దు కోసం పెట్టినవి తప్ప, వైరు కలపని పంపులన్నీ పీకేసి ఆ చోట మామూలు పైపు వేయండి. నేను తెరిచిన ప్రతి పాత సేవ్‌లోనూ మొదట చేసేది ఇదే.

ఆవిరి లెక్క కూడా మారింది. ఒక యూనిట్ నీటి నుంచి ఇప్పుడు పది యూనిట్ల ఆవిరి వస్తుంది. ఒడ్డున పెట్టి నీళ్ళు తోడే ఆఫ్‌షోర్ పంపు ఒకదానికి ఇదివరకు 20 బాయిలర్లు, 40 స్టీమ్ ఇంజన్లు పెట్టేవాళ్ళం. ఇప్పుడు అదే పంపు 200 బాయిలర్లకీ 400 ఇంజన్లకీ సరిపోతుంది. పాతవి తీయక్కర్లేదు, ఉంటే నష్టమేమీ లేదు.

ఇంకోటి, నాకు అన్నిటికంటే నచ్చింది: రిఫైనరీలనీ కెమికల్ ప్లాంట్లనీ ఇప్పుడు అద్దంలో చూసినట్టు తిప్పేయొచ్చు, హెచ్ లేదా వి నొక్కితే చాలు. పైపులతో చేసిన కుస్తీ చాలావరకు దీంతో పోయింది. స్పేస్ ఏజ్‌లో కొత్త గ్రహాలున్నాయని అందరూ సంబరపడుతుంటే నేను ఈ రెండు మీటల కోసం పండగ చేసుకున్నాను.

ఇక ఆ గొయ్యి

బేసిక్ ఆయిల్ ప్రాసెసింగ్‌లో 100 యూనిట్ల క్రూడ్ (ముడి చమురు) పోస్తే 45 పెట్రోలియం గ్యాస్ వస్తుంది, అంతే. ఒకే సరుకు కాబట్టి మీకు ఏ ఇబ్బందీ ఎదురవదు. బ్లూ సైన్స్ (రీసెర్చ్‌కి వాడే నీలం సీసాలు) అయ్యాక అడ్వాన్స్‌డ్ ఆయిల్ ప్రాసెసింగ్‌కి మారతారు. అక్కడ 100 క్రూడ్‌కి 50 నీళ్ళు కలిస్తే 25 హెవీ ఆయిల్, 45 లైట్ ఆయిల్, 55 గ్యాస్ వస్తాయి. గ్యాస్ 45 నుంచి 55కి పెరిగిందని సంతోషిస్తారు. పక్కన ఇంకో రెండు గొట్టాలు తెరుచుకున్నాయన్న సంగతి పట్టించుకోరు. వాటికి చెరో ట్యాంకు తగిలించి వెళ్ళిపోతారు.

రిఫైనరీ నియమం ఒక్కటే: మూడింటిలో ఏ ఒక్కటి నిండినా మొత్తం ఆగిపోతుంది. మీకు కావలసింది గ్యాసే కావచ్చు, గ్యాస్ పైపు ఎండిపోయి ఉండొచ్చు. హెవీ ఆయిల్ పోవడానికి చోటు లేకపోతే గ్యాస్ రాదు.

ఇది ఆదివారం నేను ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పాను. అయినా ఇంటికెళ్ళి ఏం చేశారో మీరు పంపిన స్క్రీన్‌షాట్లు చూస్తే తెలిసింది. అందుకే ఒక్కొక్క పిచ్చి వైద్యాన్నీ లెక్క వేసి చూపిస్తాను.

గ్యాస్ చాలడం లేదు కాబట్టి రిఫైనరీలు పెంచాను అన్నారు ఒకరు. ఒక రిఫైనరీ అయిదు సెకన్లకి 25 హెవీ ఇస్తుంది, అంటే సెకనుకి 5. నాలుగు రిఫైనరీలైతే 20. ట్యాంకులో పట్టేది 25,000. కాబట్టి ఖాళీ ట్యాంకు 1,250 సెకన్లలో, అంటే దాదాపు 21 నిమిషాల్లో నిండుతుంది. రిఫైనరీలు ఎనిమిది చేస్తే పదిన్నర నిమిషాల్లోనే నిండుతుంది. ఫ్యాక్టరీ ఇంకా త్వరగా ఆగేలా మీరే ఏర్పాటు చేసుకున్నారన్నమాట.

ఇంకో హెవీ ట్యాంకు పెట్టాను అన్నారు ఇంకొకరు. మంచిది, మరో 21 నిమిషాలు కొన్నారు. ఒకరైతే పన్నెండు ట్యాంకులు వరసగా పెట్టి ఫొటో పంపారు, చూడ్డానికి ముచ్చటగా ఉంది. అవీ నిండుతాయి, ఇవాళ కాకపోతే రేపు.

ట్యాంకు పీకి మళ్ళీ పెట్టేవాళ్ళు వేరే జాతి. పీకితే లోపలున్నది మాయమవుతుంది, నిజమే. ట్యాంకు తెరిస్తే ఖాళీ చేసే బటన్ కూడా ఉంది. కానీ ఇరవై నిమిషాలకోసారి మీరే వెళ్ళి కాలవ తీయాల్సి వస్తే దాన్ని ఆటోమేషన్ గేమ్ అని ఎందుకనాలి?

మళ్ళీ బేసిక్‌కి మారిపోతాను అన్న అమ్మాయికి మాత్రం సగం మార్కులు వేస్తాను. అది నిజంగా పనిచేస్తుంది. కానీ వచ్చే నష్టం చూడండి. అడ్వాన్స్‌డ్‌లో వచ్చిన 25 హెవీని క్రాక్ చేస్తే (అంటే నీళ్ళు కలిపి తేలిక రకంగా మారిస్తే) 18.75 లైట్ అవుతుంది. దాన్ని 45తో కలిపితే 63.75 లైట్. అదంతా క్రాక్ చేస్తే 42.5 గ్యాస్. మొదటి 55తో కలిపి 97.5. అదే 100 క్రూడ్‌కి బేసిక్ ఇచ్చేది 45. సగానికి పైగా పారబోసుకుంటున్నట్టే. పైగా హెవీ లేకపోతే లూబ్రికెంట్ లేదు, లూబ్రికెంట్ లేకపోతే ఎలక్ట్రిక్ ఇంజన్లు లేవు, రోబోలూ లేవు.

దారి

క్రాకింగ్ అంటే కెమికల్ ప్లాంట్‌లో 40 హెవీ, 30 నీళ్ళు పోస్తే 30 లైట్. 30 లైట్, 30 నీళ్ళు పోస్తే 20 గ్యాస్. రెండిటికీ రెండేసి సెకన్లు పడుతుంది. అంటే హెవీ ప్లాంట్ ఒకటి సెకనుకి 20 తింటుంది, లైట్ ప్లాంట్ ఒకటి 15. మాడ్యూళ్ళు (యంత్రాల వేగాన్నో దిగుబడినో మార్చే భాగాలు) లేకుండా 20 రిఫైనరీలకి 5 హెవీ ప్లాంట్లు, 17 లైట్ ప్లాంట్లు సరిగ్గా సరిపోతాయి.

అన్నిటినీ ఊరికే క్రాక్ చేసేస్తే హెవీ మిగలదు, లూబ్రికెంట్ ఆగిపోతుంది. కాబట్టి ఎక్కువైనప్పుడు మాత్రమే క్రాక్ అవ్వాలి. హెవీ పైపుని ట్యాంకులోకి, ట్యాంకు నుంచి పంపుకి, పంపు నుంచి క్రాకింగ్ ప్లాంట్లకి కలపండి. ట్యాంకుకీ పంపుకీ మధ్య ఒక వైరు వేయండి. 2.0లో వైర్లు తయారుచేసుకునే పని లేదు, కింది షార్ట్‌కట్ పట్టీలోంచి తీసుకోవడమే. పంపులో షరతు: హెవీ ఆయిల్ > 20000. లైట్‌కీ ఇంకో ట్యాంకు, ఇంకో పంపు, లైట్ ఆయిల్ గుర్తుతో ఇదే షరతు. గ్యాస్‌కి ఏమీ అక్కర్లేదు. గ్యాస్ నిండి రిఫైనరీ ఆగితే మీకు గ్యాస్ అవసరం లేదనే అర్థం. లూబ్రికెంట్ విపరీతంగా వాడేవాళ్ళు మాత్రం గ్యాస్ నిండకుండా కొంత సాలిడ్ ఫ్యూయల్ చేసి కాల్చేసుకోండి.

లూబ్రికెంట్ ప్లాంట్‌కి వెళ్ళే పైపు ట్యాంకు నుంచి, పంపుకి ముందే చీలాలి. పంపు దాటాక చీల్చితే 20,000 దాటిన క్షణాల్లో మాత్రమే లూబ్రికెంట్ దొరుకుతుంది.

షరతు పెట్టేటప్పుడు గుర్తు ఎంచుకునే దగ్గర కళ్ళు పెట్టి చూడండి. హెవీ ఆయిల్ అనే ద్రవం ఒకటి, హెవీ ఆయిల్ బ్యారెల్ అనే వస్తువు ఇంకోటి. ట్యాంకు పంపేది ద్రవం సంకేతం. మీరు బ్యారెల్ ఎంచుకుంటే పంపు ఎన్నేళ్ళైనా నడవదు. "అంతా మీరు చెప్పినట్టే చేశాను, పంపు నడవట్లేదు" అనేవాళ్ళూ, ముందు అది చూడండి, తర్వాత నాకు ఫోన్ చేయండి.

నీళ్ళు కూడా చూసుకోండి. క్రాకింగ్ ప్లాంట్‌కి నీళ్ళు అందకపోతే క్రాకింగ్ ఆగుతుంది, ట్యాంకు నిండుతుంది, రిఫైనరీ ఆగుతుంది, మళ్ళీ మొదటికే. నాలుగు రిఫైనరీల పూర్తి సెట్టుకి సెకనుకి 110 లోపే నీళ్ళు చాలు. ఒక ఆఫ్‌షోర్ పంపు 1,200 ఇస్తుంది. కాబట్టి నీళ్ళు చాలడం లేదంటే ఎక్కడో పైపు తెగినట్టే.

2.0లో కెమికల్ ప్లాంట్‌కే నేరుగా వైరు కలిపి ఆపొచ్చు, పంపు అక్కర్లేదు అని మీలో ఒకరు సరిగ్గానే పట్టుకున్నారు. కావాలంటే అలా చేసుకోండి. నేను పంపే వాడతాను. పదిహేడు ప్లాంట్లకి పదిహేడు వైర్లు వేసి, ఏదో ఒకదానికి షరతు మర్చిపోయి వెతుక్కునే ఓపిక నాకు లేదు.

చిన్న అదనం

20,000 దగ్గర పంపు ఆగుతూ నడుస్తూ మినుకుమినుకుమంటుంది. ఆటలో దానివల్ల నష్టం లేదు. కానీ దాన్ని ఆపే పద్ధతి నేర్చుకుంటే రేపు బ్యాటరీలు అడుగంటినప్పుడు బాయిలర్లు నడపడానికి పనికొస్తుంది. అపార్ట్‌మెంట్‌లో సంపు మోటారుకి ఉండే ఆటో కంట్రోలర్ చూశారా? పైట్యాంకు బాగా తగ్గితేగాని మోటారు ఆన్ అవ్వదు, ఆన్ అయ్యాక నిండేదాకా ఆగదు. మనకి దాని తిరగేసింది కావాలి: 20,000 దాటితే మొదలవ్వాలి, 5,000కి దిగేదాకా ఆగకూడదు.

పాత వెర్షన్‌లో డిసైడర్ కాంబినేటర్‌కి, అంటే షరతు నిజమైతే సంకేతం పంపే పరికరానికి, ఒక్క షరతే ఉండేది కాబట్టి దీనికి రెండు మూడు పెట్టాల్సొచ్చేది. 2.0లో ఒక్కటి చాలు. ట్యాంకు నుంచి ఎర్ర వైరు ఇన్‌పుట్‌కి వేయండి. అవుట్‌పుట్ నుంచి ఆకుపచ్చ వైరు తిప్పి దాని ఇన్‌పుట్‌కే వేయండి, అవుట్‌పుట్ నుంచే పంపుకి కూడా. షరతులు ఇలా (ఎస్ అంటే మనం ఎంచుకున్న ఒక సంకేతం, అంతే):

హెవీ ఆయిల్ > 20000
లేదా
హెవీ ఆయిల్ > 5000 మరియు ఎస్ = 1

అవుట్‌పుట్: ఎస్, విలువ 1. పంపులో షరతు: ఎస్ = 1. 'మరియు' ముందు, 'లేదా' తర్వాత లెక్కకొస్తాయి కాబట్టి బ్రాకెట్ల గొడవ లేదు.

అభ్యాసం

నాలుగు రిఫైనరీలు, ఒక హెవీ ప్లాంట్, నాలుగు లైట్ ప్లాంట్లు కట్టండి. లైట్‌కి కచ్చితంగా కావలసింది 3.4, కానీ సగం ప్లాంట్ కట్టలేం. హెవీకి ఒకటి, లైట్‌కి ఒకటి, గ్యాస్‌కి ఒకటి, మూడు ట్యాంకులే. గ్యాస్ చివర నాలుగు ప్లాస్టిక్ ప్లాంట్లు పెట్టండి, సెకనుకి వచ్చే 78 గ్యాస్ వాటికి ఇంచుమించు సరిపోతుంది. మొదలుపెట్టాక ఒక గంట ఆట సమయం దేన్నీ ముట్టుకోకూడదు. తర్వాత లూబ్రికెంట్ వాడకం పూర్తిగా ఆపేసి ఇంకో గంట. తర్వాత నీటి పైపు ఒక గడి తీసేసి, రిఫైనరీలు ఆగేదాకా చూసి, మళ్ళీ పెట్టండి. మీరు ఇంకేమీ చేయకుండా అంతా దానంతటదే కోలుకోవాలి. ఇదంతా అయ్యాక హెవీ పంపుకి పైన చెప్పిన కాంబినేటర్ తగిలించి, మొత్తాన్నీ బ్లూప్రింట్ తీసి, వి నొక్కి తలకిందులు చేసి పక్కన కట్టండి. అదీ నడవాలి.

ఎడిటర్ తెరిచి సమయం వేగం పెంచుకుంటే గంటలు నిమిషాల్లో అయిపోతాయి. అలా చేస్తే ఆ సేవ్‌లో అచీవ్‌మెంట్లు రావు, కాబట్టి విడిగా ఒక సేవ్ పెట్టుకోండి. ఎక్కడైనా ఆగిపోతే స్క్రీన్‌షాట్ పంపండి, కానీ మూడు ట్యాంకుల అంకెలూ కనబడేలా తీయండి. రిఫైనరీ ఒక్కదాన్నే ఫొటో తీసి "ఎందుకు ఆగింది" అంటే నేను జవాబివ్వను.