ఒక్క డేటా వైరు, నాలుగు చోట్ల టెంపరేచర్

మాది టాప్ ఫ్లోర్, మార్చి దాటిందంటే పగలంతా కాలిన స్లాబు రాత్రి పదకొండింటికి కూడా సెగ కక్కుతూనే ఉంటది, ట్యాప్ తిప్పితే వేణ్ణీళ్లే. అసలు స్లాబు ఎంత, గది ఎంత, ట్యాంకు ఎంత, ఫ్రిజ్ ఎంత అని ఒకే స్క్రీన్ మీద చూద్దామని ఇది చేసుకున్నా.

కావాల్సింది ఆర్డినో నానో (మనం కోడ్ ఎక్కించుకునే చిన్న బోర్డు), వాటర్‌ప్రూఫ్ డీఎస్18బీ20 ప్రోబ్‌లు (వైరు చివర టెంపరేచర్ సెన్సర్ ఉన్నవి) నాలుగు, 4.7 కిలో ఓమ్ రెసిస్టర్ ఒకటి, వెనక ఐ2సీ బోర్డున్న (రెండే సిగ్నల్ వైర్లతో నడిచేది) 16 బై 2 ఎల్‌సీడీ స్క్రీన్, అంటే 16 అక్షరాల లైన్లు రెండు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి పోతే అన్నీ ఒక్క రౌండ్‌లో దొరుకుతయ్.

కనెక్షన్ సింపుల్. నాలుగు ప్రోబ్‌ల ఎరుపు వైర్లు 5 వోల్ట్‌కి, నలుపు గ్రౌండ్‌కి, పసుపు (డేటా వైరు) అన్నీ కలిపి నానో డీ2 పిన్‌కి (కొన్నిటికి రంగులు వేరేగా ఉంటయ్, ముందే అడిగి కొనండి). పసుపుకీ ఎరుపుకీ మధ్య ఆ రెసిస్టర్, నాలుగింటికీ కలిపి ఒక్కటే చాలు. ఎల్‌సీడీ వెనక ఎస్‌డీఏ అని ఉన్న పిన్ నానో ఏ4కి, ఎస్‌సీఎల్ అని ఉన్నది ఏ5కి. ట్యాంకు దాకా పోయే పొడుగు వైరుకి ఒకటే మెయిన్ లైన్ లాగి దాని మీదనే మిగతావి కలుపుకుంటూ పోండి, ఒకే చోట నుంచి నాలుగు దిక్కులకు పొడుగ్గా లాగితే రీడింగులు ఎగిరిపోతయ్.

ఇప్పుడు అసలు సంగతి. ప్రతి సెన్సర్‌కీ పుట్టుకతోనే 64 బిట్ల అడ్రస్ ఉంటది, అందుకే ఒకే వైరు మీద ఇన్ని నడుస్తయ్. కోడ్‌లో చాలామంది 0, 1, 2 అని ఇండెక్స్‌తో (వరస నంబర్‌తో) చదువుతారు, నేనూ అదే చేసిన, తర్వాత నాలుగోది తగిలించంగనే వరస మారిపోయి ఫ్రిజ్ 41 డిగ్రీలు, స్లాబు 6 అని చూపిస్తుంటే గంటసేపు సోల్డరింగ్‌నే తిట్టుకున్నా. ఒక్కొక్క ప్రోబ్‌నే పెట్టి వన్‌వైర్ లైబ్రరీతో (ఈ సెన్సర్లతో మాట్లాడే రెడీమేడ్ కోడ్) అడ్రస్ చదివి రాసుకుని, కోడ్‌లో ఆ అడ్రస్‌తోనే పిలవండి, ప్రోబ్‌కి నెయిల్ పాలిష్ చుక్క పెట్టి గుర్తుంచుకోండి.

స్క్రీన్ మీద మైనస్ 127 వస్తే వైరు ఊడినట్టు. 85 అని వస్తే సెన్సర్ ఇంకా కొలవకముందే చదివారు, లేదా మధ్యలో పవర్ పోయి మళ్లీ వచ్చింది. 12 బిట్లలో (ఈ సెన్సర్‌లో అన్నిటికన్నా సూక్ష్మమైన కొలత) కొలవడానికి 750 మిల్లీసెకన్లు పడుతది, ఆగాలి.

బిగించే ముందు నాలుగూ కట్టగట్టి, నలగ్గొట్టిన ఐసుగడ్డల్లో కొంచెం నీళ్లు పోసి ముంచండి, సున్నాకి అటూ ఇటూ అర డిగ్రీలో ఉంటే ఓకే. మరిగే నీళ్లలో చూస్తానంటే చూడండి కానీ మన హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైనే ఉంది, నీళ్లు 98 దగ్గరే మరుగుతయ్, 100 రావట్లేదని సెన్సర్‌ని అనొద్దు.

స్లాబు ప్రోబ్‌ని సీలింగ్‌కి ఆనించి పైన థర్మోకోల్ ముక్క కప్పి టేపేయండి, లేకపోతే ఫ్యాన్ గాలినే కొలుస్తది. ఫ్రిజ్ ప్రోబ్‌ని గ్లాసు నీళ్లలో పెట్టండి, తలుపు తీసినప్పుడల్లా నంబర్ గంతులెయ్యదు. మా అమ్మ ఆ గ్లాసు రెండుసార్లు పారబోసింది, ఇప్పుడు దాని మీద "ముట్టొద్దు" అని రాసి అంటించినా.